నంబర్ ప్లేటు పాతదే, మరి బేస్?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల. చేతిలో ఉన్నది నిజంగా పాత బేస్ గిటారా, లేక పాతదాన్ని చూసి ఎవరో ప్రత్యేకంగా చేయించుకున్న రెప్లికానా అని. యాంప్ హమ్మింగ్ గురించి అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, మీ సంగతి వచ్చే సంచికలో చూద్దాం.

ప్రశ్న: 1963 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్ అని చెప్పి అమ్మారు, కొన్నాను. వెనక ప్లేటు మీద ఎల్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంది, సన్‌బర్స్ట్ రంగు అక్కడక్కడా ఊడి చెక్క కనిపిస్తోంది, లోగో కూడా పాతకాలందే. మా బ్యాండ్‌లో ఒక మిత్రుడు మాత్రం చేతిలోకి తీసుకుని రెండు నిమిషాలు వాయించి, "ఇది ఆర్డరిచ్చి చేయించింది" అనేశాడు. ఆ రాత్రి నిద్ర పట్టక నెక్ విప్పి చూశాను. దాని అడుగు కొస మీద 5, మార్చి, 63, సి అని ఇంగ్లిషులో ముద్ర ఉంది. అమ్మినాయన్ని అడిగితే "1963 మార్చి 5న తయారైందని దాని అర్థం" అన్నాడు. నాబ్‌ల కింద లోపల ఉండే పాట్స్, అంటే వాల్యూమ్, టోన్ కంట్రోల్స్, మీద 137 6614 అని ఉంది. నెక్ పై కొసన స్ట్రింగ్స్ ఆనే నట్ దగ్గర వెడల్పు కొలిస్తే 41 మిల్లీమీటర్లు వచ్చింది. వేళ్లు నొక్కే ఫ్రెట్‌బోర్డ్ రోజ్‌వుడ్, నెక్ వెనక మధ్యలో ముదురు రంగు చారిక ఉంది. ఇంకేం చూడాలి?

జవాబు: మీరు చూడాల్సినవి సగం పైగా చూసేశారు, వాటి అర్థం మాత్రం మీకు తప్పు చెప్పారు.

ముందు ఆ ప్లేటును, లోగోను, ఊడిన రంగును పక్కన పెట్టండి. అమ్మేవాళ్లు మొట్టమొదట చూపించేవి ఈ మూడే, తేలిగ్గా మార్చేయగలిగినవీ ఈ మూడే. ఎల్ నంబర్లు 1962 చివరి నుంచి 1965 దాకా వచ్చాయన్నది నిజమే, కానీ ఆ ప్లేటు నాలుగు స్క్రూలు విప్పితే ఊడి చేతిలోకి వస్తుంది, పాత ప్లేట్లు విడిగా కూడా చేతులు మారుతుంటాయి. మీ ప్లేటు అసలైనదే అయ్యుండొచ్చు. దాని చుట్టూ ఉన్న బేస్ అసలైనదా అన్నదే మనకు కావాలి.

ముద్ర దగ్గరికొద్దాం. అక్కడ 5 అంటే ఐదో తారీఖు కాదండీ, మోడల్ కోడ్. ప్రెసిషన్‌కు 5, ఫెండర్‌దే ఇంకో మోడల్ జాజ్ బేస్‌కు 7. తర్వాత నెల, సంవత్సరం, ఆఖర్న నట్ దగ్గర నెక్ ఎంత వెడల్పో చెప్పే అక్షరం. ఏ అంటే ఒకటిన్నర అంగుళం, బి అంటే దానికన్నా అర పావు అంగుళం ఎక్కువ, సి అంటే పావు తక్కువ రెండంగుళాలు. ఆ కాలపు ప్రెసిషన్‌కు సి ఉండటం సరైనదే, కాకపోతే సి అంటే 44 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి, మీరు కొలిచింది 41. ముద్ర సి అంటోంది, చెక్క బి అంటోంది. ముద్ర కొట్టినవాళ్లు ఎక్కడో ఫొటోలో చూసిన అక్షరాలను అలాగే దించేశారు గానీ ఆ చివరి అక్షరం కొలత అని వాళ్లకు తట్టలేదు. అమ్మినాయన నిజంగా తెలియక ఐదో తారీఖు అన్నాడా, తెలిసే అన్నాడా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఆ వెనక చారిక ఇంకా పెద్ద సాక్ష్యం. నెక్ వంగిపోకుండా లోపల ఉండే లోహపు కడ్డీ ట్రస్ రాడ్. దాన్ని నెక్ వెనక నుంచి గాడి తీసి పెడితే ఆ గాడిని వాల్‌నట్ చెక్కతో మూస్తారు, అదే ఆ చారిక. 1959లో ఫెండర్ రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్‌కు మారాక రాడ్‌ను ముందు వైపు నుంచి పెట్టి పైన రోజ్‌వుడ్ అతికించేవాళ్లు, కాబట్టి 1963 రోజ్‌వుడ్ నెక్ వెనక ఏ చారికా ఉండకూడదు. ఇంకొకటి, నెక్ అడుగు కొసను ఎదురుగా పట్టుకుని చూడండి. రోజ్‌వుడ్ కింది అంచు తిన్నగా బల్లపరుపుగా ఉంటే అది 1959 నుంచి 1962 మధ్య దాకా వాడిన పద్ధతి. 1963 నాటికి పల్చటి రోజ్‌వుడ్‌ను వంపు తిరిగిన మేపుల్ మీద అతికిస్తున్నారు, అతుకు గీత చంద్రవంకలా కనపడాలి.

పాట్స్ సంగతి. మొదటి మూడంకెలు తయారీదారువి, 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. తర్వాతివి సంవత్సరం, వారం. మీది 1966లో 14వ వారం. పాట్ ఎప్పుడూ గిటార్ కన్నా ముందే పుట్టి ఉండాలి, తర్వాత పుట్టకూడదు. పాడైపోతే ఎవరో మార్చి ఉండొచ్చు, దాన్నొక్కదాన్నే పట్టుకుని రెప్లికా అనలేం. అసలైన 1968 బేస్‌లో 1966 పాట్స్ కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు, ఆ ఏడాది ఫెండర్ భారీగా సరుకు తెప్పించి పెట్టుకుంది, అది దశాబ్దం చివరి దాకా వాడుతూనే ఉన్నారు.

ఇప్పుడు మీ మిత్రుడు రెండు నిమిషాల్లో ఎలా కనిపెట్టాడో చెప్తాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు కిటుకు అదే. చేయించుకున్న రెప్లికాను పట్టించేది దాని లోపాలు కాదు, దాని మంచితనం. పాతకాలం ఫెండర్ ఫ్రెట్‌బోర్డ్ బాగా గుండ్రంగా ఉంటుంది, ఏడుంపావు అంగుళాల రేడియస్. స్ట్రింగ్స్ కిందికి దించి వేగంగా వాయించేవాళ్లకు అది ఇబ్బంది. అందుకని డబ్బు పెట్టి చేయించుకునేవాళ్లు బోర్డు ఇంకాస్త చదునుగా ఉండేలా తొమ్మిదిన్నర అంగుళాలో పన్నెండో అడుగుతారు, లేదా చేసేవాళ్లే "ఇలా అయితే బాగుంటుంది" అని చేసేస్తారు. గేజ్ లేకపోతే అట్ట మీద 184 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం ముక్క గీసి కత్తిరించి స్ట్రింగ్స్ తీసి ఫ్రెట్ల మీద ఆనించండి. అట్టకూ ఫ్రెట్‌కూ మధ్య సందు లేకుండా కూర్చుంటే పాత వంపు. మధ్యలో ఆని రెండు అంచుల్లో వెలుతురు కనిపిస్తే అట్టలో తప్పు, మళ్లీ కత్తిరించండి. అంచుల్లో ఆని మధ్యలో సందు కనిపిస్తే మీ నెక్ ఆ కాలందానికన్నా చదును. మీ మిత్రుడి వేళ్లకు తగిలింది ఇదే అయ్యుంటుంది.

ఇలాంటి మెరుగులు ఇంకా ఉంటాయి. పికప్‌లు, వైరింగ్ కూర్చునే లోపలి గదులకు రాగి రేకు గానీ నల్లటి కండక్టివ్ పెయింట్ గానీ నీటుగా అంతటా పూసి ఉండటం, నెక్ విప్పకుండానే ట్రస్ రాడ్ తిప్పుకునే ఏర్పాటు, లావుపాటి ఫ్రెట్స్, నెక్ పాకెట్‌లో కార్డు ముక్క కూడా దూరనంత బిగుతు. లియో ఫెండర్ ఫ్యాక్టరీలో పనిముట్లలా తయారు చేశారు వీటిని, నగల్లా కాదు. చెక్క తొలిచిన చోట అంచులు కాస్త గరుకుగా, చేత్తో నడిపే రూటర్ మెషీన్ ఊగిన గుర్తులతో ఉంటాయి. కంప్యూటర్‌తో నడిచే మెషీన్ తొలిచిన గది అద్దంలా ఉంటుంది, మూలలన్నీ ఒకే కొలతలో.

బాడీ కూడా రెప్లికాయేనా, నెక్ మాత్రమే మార్చారా అన్నది తేలాలంటే బాడీ ముందున్న పలుచటి పలక, అదే పిక్‌గార్డ్, విప్పాల్సిందే. 1964 ప్రాంతం దాకా ఫెండర్‌లో రంగు కొట్టే ముందు బాడీ ముఖం మీద చిన్న మేకులు దిగ్గొట్టేవాళ్లు, తడి రంగు దేనికీ అంటుకోకుండా బాడీని ఆ మేకుల మీద బోర్లించడానికి. రంగు ఆరాక మేకులు పీకేసేవాళ్లు. అందువల్ల ఆ బెజ్జాల్లో రంగు ఉండదు, లోపల ఉత్త చెక్కే. పిక్‌గార్డ్ కింద, బాడీ మీద స్ట్రింగ్స్ కింది కొసలు ఆనే బ్రిడ్జ్ కింద వెతకండి. అసలు బెజ్జాలే లేకపోతే అనుమానం, బెజ్జాలుండి లోపలంతా రంగు నిండి ఉంటే ఆ రంగు తర్వాత కొట్టింది. అలాగే 1963 ప్రాంతం నుంచి నెక్ పాకెట్‌లో ఒక కర్రను స్క్రూలతో బిగించి, దాన్ని పట్టుకుని బాడీకి రంగు కొట్టేవాళ్లు. ఆ కర్ర ఉన్నంత మేర రంగు పడదు. ఈ సంగతులు తెలిసిన మంచి పనివాళ్లు ఇవి కూడా నకలు చేస్తారు, నేను చూశాను. అందుకే ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి. కాలం, కొలత, రంగు, వైరింగ్ అన్నీ ఒకే కథ చెప్తున్నాయా లేదా చూడండి. మీ బేస్‌లో నెక్ ఒక్కటే మూడు కథలు చెప్తోంది. ఆ నెక్ 1963ది కాదు, అది ఖాయం. పిక్‌గార్డ్ విప్పి ఫొటోలు పంపండి, బాడీ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

బాధపడకండి. నేనూ ఒకప్పుడు 1964 అని ఒకటి కొని, పాత చెక్క నాదమే వేరని ఏడాదిపాటు కనపడినవాళ్లందరికీ ఉపన్యాసాలిచ్చాను. ఒకరోజు నాబ్ ఊడి వస్తే కింద పాట్ కాడ చీలి పళ్లతో, ఆరు మిల్లీమీటర్ల కొలతలో ఉంది. పాత ఫెండర్లలో ఆ కాడ పావు అంగుళం, గట్టిది, నాబ్‌ను పక్క నుంచి చిన్న స్క్రూతో బిగిస్తారు. మిగతాది కూడా విప్పి చూస్తే ఒక్క ముక్కా ఆ కాలానిది కాదు. నాదం మాత్రం అంతకుముందు రోజు ఎలా ఉందో అలాగే ఉంది!

ప్రశ్న: రీఇష్యూ, రెప్లికా, నకిలీ, ఈ మూడింటికీ తేడా ఏమిటి? అందరూ కలిపి వాడేస్తున్నారు.

జవాబు: కంపెనీయే తన పాత మోడల్‌ను మళ్లీ తయారు చేస్తే రీఇష్యూ. ఫెండర్ 1982లో 1957, 1962 నాటి బేస్‌లను అలా తిరిగి తెచ్చింది, జపాన్‌లో ఫెండర్ పేరుతో తయారీ మొదలైందీ అప్పుడే. 1987లో కస్టమ్ షాప్ పెట్టారు, 1995 నుంచి కావాలని అరగదీసి పాతగా చేసి అమ్మే రెలిక్ గిటార్లు వచ్చాయి. ఇవన్నీ కంపెనీ సరుకే, సీరియల్ నంబర్ వరసే చెప్పేస్తుంది.

బయటి పనివాడు పాతదాని కొలతలతో చేసిస్తే రెప్లికా. ఇందులో తప్పేం లేదు. ప్రెసిషన్ బాడీ ఆకారం మీద ట్రేడ్‌మార్క్ కావాలని ఫెండర్ అమెరికాలో దరఖాస్తు పెట్టుకుంటే, స్టువర్ట్ స్పెక్టర్ అనే బేస్ తయారీదారుతో పాటు చాలామంది అభ్యంతరం చెప్పారు, 2009లో ట్రేడ్‌మార్క్ బోర్డు ఆ ఆకారం అందరి వాడుకలోకి వెళ్లిపోయిందని ఫెండర్ దరఖాస్తును తోసిపుచ్చింది. హెడ్‌స్టాక్ ఆకారం సంగతి వేరు, అది ఇప్పటికీ కంపెనీ ట్రేడ్‌మార్కే. అందుకే నిజాయితీగా చేసేవాళ్లు హెడ్‌స్టాక్ గీతను కొంచెం మార్చి తమ పేరు పెట్టుకుంటారు. వార్‌మత్, ఆల్‌పార్ట్స్ లాంటివాళ్లు లైసెన్స్ తీసుకుని నెక్‌లు చేస్తారు, వాటి అడుగు కొస మీద ఫెండర్ లైసెన్స్ ఉందని ముద్ర ఉంటుంది. ఆ చోటు ఇసకకాగితంతో రుద్దినట్టు మిగతా చెక్క కన్నా తెల్లగా, పల్లంగా ఉంటే ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు.

రెప్లికా మీద ఫెండర్ పేరున్న డెకాల్, అంటే లోగో స్టిక్కర్, అంటించి, 1963 అని నోటితో చెప్పి అమ్మితే అది నకిలీ. చేసిన చెయ్యీ అమ్మిన నోరూ చాలాసార్లు ఒకరివి కావు. చేసినవాడు రెప్లికా అనే చెప్పి ఇస్తాడు, రెండు మూడు చేతులు మారేసరికి ఆ ముక్క ఎక్కడో జారిపోతుంది.

ప్రశ్న: 1961 జాజ్ బేస్ అంటున్నారు. ఒకదాని మీద ఒకటి ఉండే జంట నాబ్‌లు రెండున్నాయి, నెక్ అంచుకు బైండింగ్ పట్టీ, ఫ్రెట్‌బోర్డ్ మీద పెద్ద దీర్ఘచతురస్రాలుగా పొదిగిన ఇన్‌లేలు. చూడ్డానికి అద్భుతంగా ఉంది. తీసుకోనా?

జవాబు: అద్భుతంగా ఉండక ఏమవుతుంది, రెండు కాలాల్లో ఉన్న అందమంతా తెచ్చి ఒక్కదాని మీద పెట్టారు కదా. జాజ్ బేస్ 1960లో వచ్చింది, జంట నాబ్‌లు 1962తో పోయి మూడు విడి నాబ్‌లు వచ్చాయి. ఆ దీర్ఘచతురస్రాలేమో 1966 నుంచి. ఈ రెండూ ఫ్యాక్టరీలో ఒకదాన్నొకటి చూసుకోలేదు. బ్రిడ్జ్ వైపు పికప్ కూడా చూడండి, డెబ్భైల మొదట్లో దాన్ని సుమారు ఒక సెంటీమీటరు బ్రిడ్జ్‌కు దగ్గరగా జరిపారు. స్ట్రింగ్స్‌ను బొటనవేలితో కొట్టి స్లాప్ వాయించేవాళ్లు ఆ స్థానమే అడిగి మరీ చేయించుకుంటారు. అదీ అక్కడే ఉంటే మూడు కాలాలు కలిపినట్టు. బేస్‌గా నచ్చితే తీసుకోండి, 1961గా మాత్రం వద్దు.

ప్రశ్న: అల్ట్రావయొలెట్ లైట్ వేస్తే తెలిసిపోతుందంటారు, నిజమేనా?

జవాబు: కొంతవరకు. పాత గిటార్ల మీద పైపూతగా కొట్టిన నైట్రో లాకర్ ఏళ్లు గడిచాక ఆ లైటు కింద పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చగా మెరుస్తుంది, తర్వాత టచప్ చేసిన చోట్లు నల్లటి మచ్చల్లా తేలతాయి. తర్వాత మళ్లీ రంగు కొట్టిన పాత గిటార్‌ను పట్టుకోవడానికి బాగా పనికొస్తుంది. మొత్తం కొత్తగా చేసినదాని మీద మచ్చలేవీ ఉండవు కాబట్టి అంత స్పష్టంగా చెప్పదు, పైగా రెప్లికాలు చేసేవాళ్లూ నైట్రోనే కొడుతున్నారు.

లైటు కన్నా నేను అరుగుదలను నమ్ముతాను. మనిషి వాయిస్తే ముంజేయి ఆనే చోట, బొటనవేలు నిలిచే చోట, వెనక బెల్టు బకిల్ తగిలే చోట అరుగుతుంది. అరగదీసినవాళ్లు ఫొటోలో అందంగా కనపడే చోట గీకుతారు, చెయ్యి ఎప్పటికీ వెళ్లని చోట కూడా. బాడీ ముప్పై ఏళ్లు రోజూ వాయించినట్టు చీకిపోయి, మొదటి ఐదు ఫ్రెట్ల దగ్గర రోజ్‌వుడ్ మాత్రం నిన్న చెక్కినట్టు ఉంటే ఎవరు వాయించారు దాన్ని, మోచేత్తోనా? లాకర్ పగుళ్లు కూడా చూడండి. చలికీ వేడికీ సహజంగా వచ్చినవి ఎటుపడితే అటు సాగుతాయి, బ్లేడుతో గీసినవి పొడుగ్గా, తిన్నగా, దాదాపు సమాన దూరంలో ఉంటాయి, వేలితో రాస్తే గీత తగులుతుంది.

ప్రశ్న: రికెన్‌బ్యాకర్ 4001 బేస్ అని చెప్పారు, నెక్ నాలుగు స్క్రూలతో బిగించి ఉంది.

జవాబు: కాదు. 4001లో నెక్ చెక్క బాడీ మధ్యలోంచి చివరిదాకా ఒకటే, విప్పడానికి ఏమీ ఉండదు. డెబ్భైల్లో స్క్రూల నెక్‌తో కాపీలు చాలా వచ్చాయి. మీది అలాంటిదే అయ్యుంటుంది.

ప్రశ్న: నా దగ్గరున్న పాత జాజ్ బేస్ విరిగి అతికించింది, ఫ్రెట్స్ పీకేశారు, పాట్స్ కొత్తవి. ఇంత మారాక ఇది కూడా రెప్లికా కిందే లెక్కా?

జవాబు: ఎందుకవుతుంది! రిపేర్లు విలువ తగ్గిస్తాయేమో గానీ పుట్టుక మార్చవు. పైగా అవే గుర్తింపు కార్డు కూడా. పేరుమోసిన బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ వాయించిన 1962 జాజ్ బేస్ ఫ్రెట్స్ లేనిది, బోర్డు మీద పడవలకు వాడే ఎపాక్సీ పూసుకున్నాడు. తర్వాత అది ముక్కలు ముక్కలైతే అతికించి పైన మేపుల్ పొర వేశారు. 1986లో న్యూయార్క్‌లో దొంగతనానికి గురై, ఇరవై ఏళ్లకు పైకొచ్చింది. అన్ని గాయాలున్న బేస్‌కు రెండోది తయారు చేయడం ఎవరి తరం? మీ అతుకుల ఫొటోలు దగ్గర నుంచి తీసి దాచుకోండి. మళ్లీ రంగు మాత్రం వేయించకండి.

ప్రశ్న: మీరు రాసేది చూస్తుంటే రెప్లికా చేయించుకోవడమే నేరంలా అనిపిస్తోంది. నేను 1962 ప్రెసిషన్ కొలతలతో ఒకటి చేయించుకుంటున్నాను. నా తర్వాత ఎవరూ మోసపోకుండా ఏం చేయాలి?

జవాబు: నేరం కాదు, నాకూ ఒకటుంది, పైన చెప్పిన 1964 ఇంకా నా దగ్గరే ఉంది, వారానికి నాలుగు రోజులు దాన్నే వాయిస్తాను. అరవై ఏళ్ల నాటిదాన్ని బస్సులో వేసుకుని తిరగడం కన్నా ఇదే సుఖం.

మీరు చేయించుకునేటప్పుడు ఫ్రెట్‌బోర్డ్ చెక్క ఏ జాతిదో రాయించి తీసుకోండి. ఆ కాలంలో వాడిన బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుంచి అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందంలో కఠినమైన మొదటి జాబితాలో ఉంది, కాగితాలు లేకుండా దేశం దాటిస్తే చిక్కుల్లో పడతారు. ఇండియన్ రోజ్‌వుడ్ పెట్టించుకోండి, చెవికి తేడా తెలియదు.

ఇక మోసం సంగతి. తయారు చేసినాయన పేరు, సంవత్సరం కాగితం మీద రాసి అంటిస్తే లాభం లేదు, పీకేస్తారు. నెక్ అడుగు కొస మీద, నెక్ పాకెట్ అడుగున, రెండు చోట్లా లోతుగా కాల్చి ముద్ర వేయించండి. రుద్ది తీసేయాలంటే చెక్క కూడా పోయి నెక్ కోణం దెబ్బతినేంత లోతుగా ఉండాలి. పికప్ గదిలో కూడా ఒకటి వేయిస్తే మంచిది, అక్కడ రుద్దే ఓపిక ఎవరికీ ఉండదు. లోగో దగ్గర మాత్రం మీకు టెంప్టేషన్ వస్తుంది, స్టేజీ మీద దూరం నుంచి చూసేవాళ్లకు ఆ పేరు కనపడితే బాగుంటుందనిపిస్తుంది, నాకూ అనిపించింది. నా దాని మీద ఉన్న డెకాల్ గోరువెచ్చటి నీళ్ల గుడ్డతో ఒక సాయంత్రం కూర్చుని తీసేశాను. దాని కింద చేసినవాళ్ల సొంత లోగో ఉంది, నాకన్నా ముందు ఎవరో గీకేసినా సగం అక్షరాలు ఇంకా చదవొచ్చు.